సత్యవేడు నుంచి సముద్రానికి: డబ్బు ఏ మెట్టు మీద అందుతోంది?

2022 ఏప్రిల్ 4 దాకా సత్యవేడు ఉన్న జిల్లాకు సముద్రం లేదు. ఆ రోజు చిత్తూరు జిల్లా నుంచి విడివడి కొత్త తిరుపతి జిల్లాలో చేరింది. నెల్లూరు జిల్లా నుంచి సూళ్లూరుపేట, తడ, వాటితోపాటు పులికాట్ సరస్సు, శ్రీహరికోట తీరం కూడా అదే జిల్లాలోకి వచ్చాయి. అంటే ఈ ఊరి పిల్లలు ఇప్పుడు కాగితం మీద తీర జిల్లా వాసులు. నిజానికి అంతకుముందూ వాళ్లు సముద్రానికి దూరంగా ఏమీ లేరు. సత్యవేడు నుంచి తూర్పుగా గీత గీస్తే నలభై కిలోమీటర్లు అటూఇటూగా బంగాళాఖాతం తగులుతుంది. మధ్యలో పులికాట్. చిలకా తరువాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే.

ఇంత దగ్గరున్న నీటి మీద ఉద్యోగానికి మాత్రం దారి చాలా పొడవు. చేపల వేట, ఎండబెట్టడం, అమ్మకం గురించి కాదు నేను మాట్లాడేది. సరస్సు ఉప్పదనం ఎంతో కొలిచేవాళ్లు, తుఫాను అలల ఎత్తు లెక్కగట్టేవాళ్లు, రొయ్యల జబ్బులకు మందు వెతికేవాళ్లు, ఓడ నడిపేవాళ్లు, తీర ప్రాంత ప్రణాళికలు రాసేవాళ్లు, ఈ ఉద్యోగాల గురించి. ఇందులోకి ఎవరు వస్తారు, ఎవరు రారు అన్నది తెలివితేటల కన్నా ముందు డబ్బుతో తేలుతుంది. కాబట్టి డబ్బు లెక్కే చూద్దాం.

పైనుంచి మొదలుపెడితే లెక్క బాగానే కనిపిస్తుంది. దేశంలో పీహెచ్‌డీ చేసే జూనియర్ రీసెర్చ్ ఫెలోకు 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000 రూపాయలు. అంతకుముందు 31,000 ఉండేది. రెండేళ్ల తరువాత సీనియర్ ఫెలో అయితే 42,000. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. మొదటి రెండేళ్లు 8,88,000, తరువాతి మూడేళ్లు 15,12,000. ఐదేళ్లకు కలిపితే సరిగ్గా 24 లక్షలు. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఒక కుటుంబం వంద రోజులూ పనికి వెళ్తే ఏడాదికి 30,700. ఆ కుటుంబంలోని పిల్లకు ఫెలోషిప్ వస్తే, ఆమె ఒక్క నెల సంపాదన ఆ ఏడాది ఉపాధి కూలి మొత్తాన్ని దాటిపోతుంది. ఫెలోషిప్ బతుకును మార్చగలదని ఎవరైనా అంటే అతిశయోక్తి అనుకోనక్కర్లేదు.

వెనుకబడిన వర్గాలకు విడిగా ఫెలోషిప్‌లు ఉన్నాయి. ఎస్సీ విద్యార్థులకు జాతీయ ఫెలోషిప్ ఏటా 2,000 మందికి, ఎస్టీలకు 750 మందికి, ఓబీసీలకు 1,000 మందికి. సత్యవేడు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఈ 2,000 అన్న అంకె ఇక్కడి ఇళ్లకు నేరుగా సంబంధించింది. అయితే ఆ 2,000 దేశమంతటికీ, అన్ని విషయాలకూ కలిపి. చరిత్ర, వాణిజ్యం, రసాయనం, సాహిత్యం అన్నీ అందులోనే. సముద్రానికంటూ పక్కన పెట్టిన వాటా లేదు. విదేశాల్లో చదవాలంటే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఏటా 125 మందికి ఇస్తారు, అందులో 115 ఎస్సీలకు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. అమెరికాలో ఉండే ఖర్చుకు ఏడాదికి 15,400 డాలర్లు. 2025లో 106 మంది ఎంపికైతే నిధుల కొరత పేరుతో మొదట 40 మందికే ఉత్తర్వులు ఇచ్చారు. పేదింటి పిల్లకు అది మామూలు ఆలస్యం కాదు. కలిగిన ఇళ్ల పిల్లలైతే అప్పు చేసి విమానం ఎక్కేసి, డబ్బు వచ్చాక తీర్చుకోవచ్చు. ఆమెకు అప్పిచ్చేవాళ్లు ఉండరు.

ఈ 37,000 అందే చోటికి చేరడానికి ముందు ఇంటర్ తరువాత కనీసం ఐదారేళ్ల చదువు ఉంది. ఈ లెక్కలో అసలు కష్టం ఆ ఏళ్లలోనే ఉంది.

కేంద్రం ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కింద హాస్టల్లో ఉండే విద్యార్థికి ఇచ్చే భత్యం, ఫీజు కాకుండా, కోర్సును బట్టి ఏడాదికి 4,000 నుంచి 13,500 దాకా. కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. అన్నిటికన్నా పై రేటు 13,500 తీసుకున్నా నెలకు 1,125. సాధారణ బీఎస్సీ జువాలజీ అయితే ఏడాదికి 6,000, నెలకు 500. 2020లో మన రాష్ట్రం తెచ్చిన వసతి దీవెన డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 20,000 అని నిర్ణయించింది. ఆ లెక్కన చూసినా నెలకు 1,667. ఆ డబ్బు హాస్టల్ మెస్సుకే సరిపోదు. ఎంఎస్సీ అయ్యేదాకా ఆ పై రేటు 1,125 మీదే బతికిందనుకున్నా, ఆ విద్యార్థి ఫెలోషిప్ అర్హత పరీక్ష నెట్ గట్టెక్కి పీహెచ్‌డీలో చేరితే నెలకు 37,000 అందుకుంటుంది. దాదాపు 33 రెట్లు. పై మెట్టు మీద ఇంత ఉదారంగా ఉన్న వ్యవస్థ కింది మెట్లను దాదాపు ఖాళీగా వదిలేసింది. పడిపోయేవాళ్లు పడేది అక్కడే.

సత్యవేడులో ఈ విషయం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే పక్కనే శ్రీసిటీ ఉంది. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008లో మొదలైన ఈ పారిశ్రామిక నగరంలో ఫోన్లు, ఏసీలు, వాహనాల విడిభాగాలు తయారవుతాయి. ఫోన్లు బిగించే ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువ మంది ఆడపిల్లలే. ఇంటర్ పాసైతే చాలు, కంపెనీ బస్సు ఊళ్లోకే వచ్చి ఎక్కించుకుంటుంది, నెల తిరిగేసరికి జీతం. దాన్ని కాదని ఆరేళ్లు చదవమని చెప్పాలంటే, ఆ ఆరేళ్లలో ఇల్లు వదులుకునే జీతానికి ఎవరో ఒకరు కొంతైనా పూచీ పడాలి. చదువు ఉచితమైనంత మాత్రాన ఆ నష్టం పూడదు. ఫ్యాక్టరీకి వెళ్లే అమ్మాయిది తప్పుడు ఎంపిక అని నేను అనను. ఆమె ముందున్న లెక్కలో ఆమె ఎంపిక సరైనదే. మారాల్సింది ఆ లెక్క.

కింది మెట్ల మీద కొంత డబ్బు లేకపోలేదు. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ బీఎస్సీ, ఎంఎస్సీ చదివేవాళ్లకు ఏడాదికి 80,000. అందులో 60,000 చేతికి, మిగిలిన 20,000 వేసవిలో ఏదైనా పరిశోధన సంస్థలో ప్రాజెక్టు చేయడానికి. ఏయే విషయాలకు వర్తిస్తుందో చెప్పే 18 పేర్ల జాబితాలో చివరిది సముద్ర శాస్త్రాలు. నెలకు 5,000 అన్నమాట. కానీ ఇంటర్ బోర్డు పరీక్షలో పై 1 శాతంలో ఉండాలి, లేదా జేఈఈ, నీట్ వంటి పరీక్షల్లో పై ర్యాంకు ఉండాలి. పై 1 శాతంలో ఎవరుంటారో అందరికీ తెలుసు. తిరుపతిలోనో నెల్లూరులోనో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో రెండేళ్లు గడిపిన పిల్లలు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉన్న చోట పై 1 శాతంలో ఉండమని అడగడం న్యాయం కాదు. పైగా ఫిషరీస్ వంటి వృత్తి కోర్సులకు ఇన్‌స్పైర్ రాదు.

ఫిషరీస్ కోర్సు అంటే ఎక్కడ చదవాలి? ఇక్కడ రాష్ట్ర సరిహద్దు అడ్డం వస్తుంది. సత్యవేడుకు దగ్గరి ఫిషరీస్ కాలేజీ తమిళనాడులో ఉంది. పొన్నేరిలో 2012లో పెట్టిన డాక్టర్ ఎం.జి.ఆర్. కాలేజీ అది. సత్యవేడులో చాలామందికి తమిళం ఇంటి భాషో బజారు భాషో అయినా, ఆ కాలేజీలో రాష్ట్ర కోటా సీటు తమిళనాడు పిల్లలకే. ఆంధ్ర పిల్ల ఉత్తరాన నెల్లూరు దగ్గరి ముత్తుకూరు వెళ్లాలి. 1991 నుంచి నడుస్తున్న కాలేజీ అది. పదో తరగతి తరువాత డిప్లొమా కావాలంటే కృష్ణా జిల్లా భావదేవరపల్లి పాలిటెక్నిక్. పులికాట్‌తో పోలిస్తే రెండూ దూరమే.

ఈ అడ్డాన్ని దాటించే స్టైపెండ్ ఒకటి ఉంది, పెద్దగా ఎవరికీ తెలియదు. భారత వ్యవసాయ పరిశోధన మండలి కోటాలో, సీయూఈటీ రాసి, సొంత రాష్ట్రం కాక వేరే రాష్ట్రంలో వ్యవసాయ, అనుబంధ కోర్సుల్లో చేరినవాళ్లకు నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ ఇస్తారు. డిగ్రీలో నెలకు 3,000, పీజీలో 5,000. ఫిషరీస్ కూడా ఇందులోకి వస్తుంది. సరిహద్దు మీద ఉన్న ఊరికి ఇది నప్పే పథకం. పదిమంది పిల్లలు రాష్ట్రం దాటి చేరితే ఏడాదికి 3,60,000 రూపాయలు సత్యవేడు ఇళ్లకు వచ్చినట్టే. బీఎఫ్‌ఎస్సీ తరువాత అదే మండలి పరీక్షలో పై ర్యాంకు తెచ్చుకుంటే ఎంఎఫ్‌ఎస్సీకి జూనియర్ ఫెలోషిప్ నెలకు 12,640. 1,125కీ 37,000కీ మధ్య ఉండాల్సిన మెట్టు ఇలాంటిదే. కాకపోతే అలాంటివి చాలా తక్కువ.

నెట్ పరీక్షకు ఇంకో గోడ ఉంది. సీఎస్‌ఐఆర్ నెట్‌లో సముద్ర శాస్త్రానికి భూమి, వాతావరణం, గ్రహాలతో కలిపి ఒక పేపరు ఉంది. ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ వస్తుంది. తెలుగు మీడియంలో డిగ్రీ దాకా వచ్చిన పిల్లకు 24 లక్షల తాళం చెవి రెండు పరాయి భాషల వెనక ఉంది.

ఇక వేసవి ప్రాజెక్టుల సంగతి. సముద్ర శాస్త్రంలోకి అడుగుపెట్టే తొలి అవకాశం సాధారణంగా ఏదో ఒక పరిశోధన కేంద్రంలో రెండు నెలల ఇంటర్న్‌షిప్. ఓడ ఎక్కినా, ప్రయోగశాలలో నీటి నమూనా పట్టుకున్నా అప్పుడే. వీటిలో చాలావాటికి స్టైపెండ్ ఉండదు. గది అద్దె, భోజనం, బస్సు ఛార్జీలు ఇంటి నుంచే. సత్యవేడుకు చెన్నై దగ్గరే. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ అక్కడే, 1987లో పుట్టిన ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ అక్కడే, భారత సముద్రయాన విశ్వవిద్యాలయం ప్రధాన కేంద్రం అక్కడే. 2021లో కేంద్రం 4,077 కోట్లతో ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్ కోసం ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లే మత్స్య 6000 వాహనాన్ని తయారుచేస్తున్నది ఆ నగరంలోనే. ఒక వేసవి అక్కడ గడపడానికి 20,000 ఖర్చవుతుందనుకుంటే, ఉపాధి కూలి మీద బతికే ఇల్లు ఏడాది కూలిలో మూడింట రెండు వంతులు దానికే పెట్టాలి.

ఈ చిక్కును అమెరికా కాస్త ముందే గమనించింది. అక్కడి సముద్ర, వాతావరణ సంస్థ నోవా 2001లో నల్లజాతి, స్పానిష్ మూలాల, ఆదివాసీ విద్యార్థులు ఎక్కువగా చదివే కాలేజీల కోసం ప్రత్యేక కార్యక్రమం పెట్టింది. డిగ్రీ స్థాయిలోనే ఏడాదికి 9,500 డాలర్ల దాకా స్కాలర్‌షిప్, వేసవి పది వారాల పనికి వారానికి 700 డాలర్లు. పీహెచ్‌డీ దాకా ఆగకుండా డిగ్రీ పిల్లల చేతికి డబ్బిచ్చింది. 2020లో నలుగురు నల్లజాతి యువతులు కలిసి షార్క్ చేపల పరిశోధనలో తమలాంటివాళ్ల కోసం ‘మైనారిటీస్ ఇన్ షార్క్ సైన్సెస్’ పెట్టినప్పుడు వాళ్ల తొలి పట్టుదల కూడా అదే, సముద్రంలో శిక్షణకు వచ్చే అమ్మాయి తన జేబులోంచి ఖర్చు పెట్టకూడదని. ఇవన్నీ ఉన్నా పని పూర్తికాలేదు. 2018లో ‘నేచర్ జియోసైన్స్’లో రేచల్ బెర్నార్డ్, ఎమిలీ కూపర్‌డాక్ నలభై ఏళ్ల పీహెచ్‌డీ లెక్కలు తీసి, భూ, సముద్ర శాస్త్రాల్లో జాతి వైవిధ్యం ఆ నాలుగు దశాబ్దాల్లో ముందుకు కదల్లేదని తేల్చారు. స్త్రీల విషయం కాస్త మేలు. యునెస్కో 2017 నివేదిక ప్రకారం ప్రపంచంలో సముద్ర శాస్త్ర పరిశోధకుల్లో 38 శాతం మహిళలు. ఓడల మీదికి వెళ్తే ఆ అంకె కూలిపోతుంది. 2021 అంచనాలో ప్రపంచ నావికుల్లో స్త్రీలు 24,059 మంది, 1.28 శాతం.

శిక్షణలోనే జీతం ఇస్తే ఏమవుతుందో చూడటానికి దూరం వెళ్లనక్కర్లేదు. నౌకాదళం అగ్నివీరులకు తొలి ఏడాది నుంచే నెలకు 30,000 ఇస్తుంది. 2023 మార్చిలో ఐఎన్‌ఎస్ చిలకాలో శిక్షణ ముగించిన తొలి బ్యాచ్‌లో 2,585 మంది ఉంటే వాళ్లలో 273 మంది అమ్మాయిలు, పది శాతానికి పైనే. ఆ కొలువు నాలుగేళ్లదే, దానిమీద ఉన్న అభ్యంతరాలు వేరే చర్చ. కానీ మొదటి నెల నుంచి జీతం ఉన్న ఆ శిక్షణకు అమ్మాయిలు వచ్చారన్నది నిజం.

మన ఆంధ్రలో సముద్ర శాస్త్రం మొదలైందే ఒక ఫెలోషిప్‌తో. అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఫుల్‌బ్రైట్ ప్రొఫెసర్‌గా 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు, 1955లో మళ్లీ వచ్చారు. జీతం ఫుల్‌బ్రైట్‌ది, తరగతి గది వాల్తేరులోది. నౌకాదళం ఓడలు అడిగి తీసుకుని విద్యార్థులను తీరం దాటించారు. విశాఖ ముందు అడుగు నీళ్లు పైకి ఉబికి వచ్చే తీరును కొలిచారు. 1964లో ఆయన రాసిన వ్యాసంలో తూర్పు తీరం అడుగున ఉన్న లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు కనిపిస్తాయి. మహదేవన్ ఆ విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్ర ఆచార్యుడు. ఒక మనిషి రెండు విడతల జీతం ఖర్చు, దాని ఫలితంగా మన పేర్లు సముద్రపు అడుగు మీద. 1983లో అంటార్కిటికాకు వెళ్లిన తొలి భారతీయ మహిళల్లో ఒకరైన అదితి పంత్ కూడా హవాయిలో సముద్ర శాస్త్రం చదవగలిగింది స్కాలర్‌షిప్ దొరకబట్టే. సముద్రం పక్కన పుట్టకపోయినా ఫర్వాలేదన్నదానికి హైదరాబాదే సాక్షి. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లోనే 1999లో జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ పుట్టింది. 2007 నుంచి దేశానికి సునామీ హెచ్చరికలు అక్కడి నుంచే.

నా అభిప్రాయంలో అందరికన్నా ముందు గుర్తురావలసింది ఇక్కడి గిరిజనులైన యానాదులు. పులికాట్ నీళ్లలో చేతులతో తడిమి రొయ్యలు, పీతలు పట్టే నేర్పు వాళ్లది. శ్రీహరికోట దీవి రాకెట్ కేంద్రం కిందికి పోకముందు అక్కడ ఉన్నదీ వాళ్లే. 2001 జనగణనలో ఉమ్మడి రాష్ట్రంలో వాళ్లు 4.6 లక్షల మంది, అక్షరాస్యత మూడో వంతుకు కాస్త పైన. పులికాట్‌ను సముద్రంతో కలిపే రాయదొరువు ముఖద్వారం పూడిపోయి సముద్రపు నీరు లోపలికి రావడం తగ్గినప్పుడు ఏ మూల ఉప్పు పెరిగిందో, ఏ రొయ్య కనుమరుగైందో పుస్తకం చూడకుండా చెప్పగలిగినవాళ్లు. ఆ జ్ఞానం ఉన్న ఇంటి నుంచి ఒక పరిశోధకురాలు వస్తే సరస్సు గురించి మనం అడిగే ప్రశ్నలే మారతాయి. ఎస్టీ జాతీయ ఫెలోషిప్‌లు 750 ఉన్నాయి నిజమే. పదో తరగతి దాటని పిల్లకు అవి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మరి మధ్య మెట్టు ఎలా కట్టాలి? నమూనా మన దగ్గరే ఉంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో దేశంలోని 3,477 తీర గ్రామాలకు సాగర మిత్రలను పెట్టాలని తలపెట్టారు. ఫిషరీస్ లేదా జువాలజీ డిగ్రీ, స్థానిక భాష రావాలి. నెలకు 10,000, పనితీరును బట్టి మరో 5,000 దాకా. చేపల దిగుబడి, వాతావరణ హెచ్చరిక, పథకాల సమాచారం వీళ్ల పని. ఇది ఫెలోషిప్ కాదు, కానీ అలా మార్చడం పెద్ద పనేమీ కాదు. డిగ్రీ చదువుతున్న వాళ్లకే ఈ పని ఇచ్చి, ఏడాదిలో కొన్ని వారాలు చెన్నైలోనో ముత్తుకూరులోనో ప్రయోగశాలలో ఉంచి, నెట్‌కు శిక్షణ కలిపితే సరిపోతుంది.

ఖర్చెంత? వేట నిషేధం 61 రోజులకు మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతి 2025లో 10,000 నుంచి 20,000 అయింది. ఆ ఏప్రిల్‌లో సుమారు 1.29 లక్షల కుటుంబాలకు 258 కోట్లు వేశారు. అది ఆకలి తీర్చే డబ్బు, ఇవ్వాల్సిందే. దాని పక్కన ఈ లెక్క చూడండి. పులికాట్ చుట్టూ, సత్యవేడు, వరదయ్యపాళెం, తడ, సూళ్లూరుపేట మండలాల్లో వందమంది విద్యార్థులకు నెలకు 10,000 చొప్పున ఏడాది పొడవునా ఇస్తే కోటీ ఇరవై లక్షలు. 258 కోట్లలో అర శాతం కూడా కాదు. అడగాల్సింది జిల్లా మత్స్యశాఖను, గిరిజన, సాంఘిక సంక్షేమ శాఖలను. శ్రీసిటీ కంపెనీలు తమ సామాజిక బాధ్యత నిధుల్లో కొంత ఇటు మళ్లించినా తప్పులేదు. వాళ్ల బస్సులు ఎక్కేది ఈ పిల్లలే కదా.

ఈలోపు ఇంట్లో ఇంటర్ సైన్సు పిల్లలున్నవాళ్లకు రెండు మాటలు. బీఎస్సీలో చేరుతుంటే, మార్కులు బాగుంటే, ఇన్‌స్పైర్‌కు దరఖాస్తు పెట్టండి. వయసు 17 నుంచి 22 మధ్య ఉండాలి. ఫిషరీస్ అనుకుంటే ఈఏపీసెట్ ఒక్కటే రాసి ఊరుకోకుండా వ్యవసాయ కోటాకు సీయూఈటీ కూడా రాయించండి. రాష్ట్రం దాటి చేరితే ఆ నెలకు 3,000 అడిగి తీసుకోండి. సీటు వచ్చిన కాలేజీలో అడ్మిషన్ రోజే బ్యాంకు ఖాతా, ఆధార్, కులం, ఆదాయం పత్రాలు తీసుకెళ్లండి.